వియ్యాల మీద నిలిచిన సింహాసనం: హయాత్ బక్షీ బేగం

హైదరాబాదులో మాసబ్ ట్యాంక్ అనే పేట పేరు విననివాళ్లు అరుదు. ఆ మాట అసలు రూపం "మా సాహెబా తాలాబ్". చెరువు పూడిపోయింది, మా సాహెబా మాసబ్ అయింది. బెజవాడ వెళ్లే దారిలో హయత్‌నగర్ ఉంది. అక్కడొక పాత మసీదు, దాని చుట్టూ బాటసారుల కోసం కట్టిన సరాయి గదులు ఉన్నాయి. ఈ రెండు పేర్లూ ఒకే స్త్రీవి. గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఏకైక కుమార్తె, ఆ తర్వాతి సుల్తాను మహమ్మద్ కుతుబ్‌షా భార్య, ఆ పై సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయాత్ బక్షీ బేగం. 1667లో చనిపోయేదాకా అర్ధ శతాబ్దానికి పైగా గోలకొండ రాజ్యానికి ఆమె ఇరుసులా ఉంది.

మన సాహిత్యంలో మాత్రం ఆమెకు చోటు దక్కలేదు. గోలకొండ అనగానే మన నాటక కర్తలకూ నవలాకారులకూ భాగమతి గుర్తొస్తుంది, మూసీ వరద గుర్తొస్తుంది, గుర్రం మీద నదిని ఈదిన యువరాజు గుర్తొస్తాడు. లేదంటే తానీషా, అక్కన్న మాదన్నలు, రామదాసు చెర. ఈ రెండు కథల మధ్య దాదాపు తొంభై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో ప్రియురాలూ భక్తుడూ లేరు కనుక రచయితకు పనికొచ్చే సరుకు లేదని మనవాళ్లు అనుకున్నట్టుంది. ఈ వ్యాసం ఉద్దేశం ఆ మధ్యకాలాన్ని ఒక స్త్రీ జీవితం ద్వారా పరిశీలించడం. ఆమెను వీరనారిగా నిలబెట్టాలన్న కోరిక నాకు లేదు. భూస్వామ్య రాజ్యంలో కుటుంబ సంబంధమనేది ఎలాంటి రాజకీయ సాధనమో అర్థం చేసుకోవడానికి ఆమె జీవితంకంటే మంచి ఉదాహరణ మన ప్రాంతంలో దొరకదు. అందుకే ఆమెను ఎన్నుకున్నాను.

ముందు భాగమతి సంగతి తేల్చుకోవాలి. ఎందుకంటే హయాత్ బక్షీ భాగమతి కూతురేనన్న మాట జనంలో బలంగా ఉంది. నగరానికి భాగ్‌నగర్ అన్న పేరుందనీ, అది సుల్తాను వలచిన స్త్రీ పేరనీ అక్బరు ఆస్థాన కవి ఫైజీ, చరిత్రకారుడు ఫిరిస్తా ఇద్దరూ రాశారు. హెచ్.కె. షేర్వానీ 1974లో వెలువడిన తన కుతుబ్‌షాహీ వంశ చరిత్రలో ఈ కథను తోసిపుచ్చాడు. నాణేల మీద, శాసనాల మీద, గోలకొండలోనే రాసిన చరిత్రల్లో భాగమతి లేకపోవడం ఆయన ప్రధాన వాదం. ఆ వాదం నేటికీ సాగుతూనే ఉంది. భాగమతి ఉందా లేదా అన్నదానికంటే నాకు ఆసక్తి కలిగించే ప్రశ్న మరొకటుంది. తల్లి ఎవరన్న చర్చకు ఇన్ని కాగితాలు ఖర్చయ్యాయి కదా, కూతురు ఏం చేసిందన్నదానికి ఎన్ని ఖర్చయ్యాయి? వజహీ 1609లో రాసిన "కుత్బ్ ముష్తరీ" దక్కనీ కావ్యం సుల్తాను ప్రేమకథ. మహమ్మద్ కులీ స్వయంగా రాసిన వేల పద్యాల్లో పన్నెండుగురు "ప్యారీ"లు పేరుపేరునా కనిపిస్తారు. ఆ పద్యాలను 1616లో ఒక సంపుటంగా కూర్పించి, పద్యరూపంలో ముందుమాట రాసినవాడు అల్లుడు మహమ్మద్ కుతుబ్‌షా, అంటే హయాత్ బక్షీ భర్త. దక్కనీ సాహిత్యానికి పునాది అనదగిన ఆ గ్రంథం మనకు దక్కింది కుటుంబ వారసత్వంగానే. సింహాసనం చేతులు మారిన దారినే కవిత్వమూ చేతులు మారింది.

ఆ దారి ఆమె పెళ్లి. మహమ్మద్ కులీకి కొడుకు బతకలేదు. ఉన్నది ఒక్క కూతురు. 1603లో ఇరాన్ నుంచి షా అబ్బాస్ పంపిన రాయబారి గోలకొండకు వచ్చి ఏళ్ల తరబడి ఉండిపోయాడు. ఆ పిల్లను సఫవీ రాకుమారునికి అడగడం ఆ రాయబారంలో ఒక భాగమని చరిత్రకారులు రాశారు. కుతుబ్‌షాహీలు షియాలు. శుక్రవారపు ఖుత్బాలో ఇరాన్ షా పేరు చదివించుకునేవాళ్లు. అటువంటి చోటినుంచి వచ్చిన సంబంధం కాదనడం తేలిక కాదు, ఔనంటే రాజ్యానికి వారసురాలు సముద్రం దాటి పోతుంది. సుల్తాను 1607లో తన తమ్ముడు మీర్జా మహమ్మద్ అమీన్ కొడుకుకు ఆమెనిచ్చి చేశాడు. తండ్రి ముందే చనిపోగా అంతఃపురంలోనే పెరిగిన పిల్లవాడతను. 1593లో పుట్టాడు కాబట్టి అప్పటికి పద్నాలుగేళ్లవాడు.

ఇక్కడ తెలుగు పాఠకుడు ఒక్క క్షణం ఆగాలి. మన వరసల ప్రకారం ఈ ఇద్దరూ అన్నాచెల్లెళ్లు. పినతండ్రి కొడుకును పెళ్లాడటం మనకు ఊహకందని పని. మేనబావ అయితే ఎవరికీ అభ్యంతరం లేదు. ముస్లిం కుటుంబాలలో పినతండ్రి బిడ్డలను చేసుకోవడానికి అడ్డులేదు. వరసలు వేరైనా లెక్క ఒకటే. మన మోతుబరి కుటుంబాలలో మేనరికం ఎందుకు చేస్తారో అడిగితే పిల్ల కళ్లముందుంటుందంటారు. పొలం గట్టు దాటిపోదన్న మాట మాత్రం పైకి అనరు. గోలకొండలో పొలానికి బదులు రాజ్యముంది. సుల్తాను చేసింది ఇల్లరికం లాంటి మేనరికం: అల్లుడూ తన రక్తమే, కూతురూ ఇంట్లోనే, రేపు పుట్టే మనవడు రెండువైపులా ఇబ్రహీం కుతుబ్‌షా మునిమనవడు.

ఈ ఏర్పాటు అందరికీ నచ్చలేదు. సుల్తాను మరో తమ్ముడు ఖుదాబందా 1609లో తిరగబడ్డాడు. దక్కనీ సర్దారులు కొందరు అతని వెనక ఉన్నారు. ఇరాన్ నుంచి వచ్చిన "ఆఫాకీ"లకూ ఇక్కడే పుట్టిపెరిగిన దక్కనీలకూ ఉన్న ఉద్యోగాల పోటీ ఆ కుట్రలో కనిపిస్తుంది. ఖుదాబందా ఖైదులో రెండేళ్లకు చనిపోయాడు. 1612లో మహమ్మద్ కులీ కన్నుమూయగానే పేష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ ఆలస్యం చేయకుండా అల్లుణ్ని గద్దె మీద కూర్చోబెట్టాడు. హైదరాబాదు నగర నిర్మాణానికి రూపకల్పన చేసినవాడుగా పేరుపడ్డది ఈ మీర్ మోమినే. వారసత్వానికీ ఆయనే తాపీపని చేశాడనవచ్చు.

మహమ్మద్ కుతుబ్‌షా పండిత స్వభావి. 1617లో మక్కా మసీదుకు పునాది వేశాడు. 1626 తొలినాళ్లలో, ముప్పైరెండేళ్లకే పోయాడు. అబ్దుల్లా 1614 నవంబరులో పుట్టాడు, అంటే పన్నెండో ఏడు నడుస్తోంది. ఆనాటి నుంచి అధికార ముద్ర కొడుకుది, నిర్ణయం తల్లిది. పారసీ చరిత్రలు ఆమె పేరెత్తవలసి వచ్చినప్పుడు బిరుదులతో కప్పేస్తాయి. జనం మాత్రం "మా సాహెబా" అన్నారు. జనం నోట మిగిలిన కథ కూడా తల్లి కథే. బాలుడైన అబ్దుల్లా ఎక్కిన ఏనుగు మదించి అడవిపట్టిందట. కొడుకు క్షేమంగా తిరిగివస్తే ఏనుగు గొలుసంత బంగారు గొలుసు చేయించి పంచుతానని ఆమె హుసేనీ ఆలం దగ్గర మొక్కుకుందట. మొహర్రం నెలలో "లంగర్" ఊరేగింపు అలా మొదలైందని చెప్పుకుంటారు. కథలో నిజమెంతో పక్కన పెడదాం. ఒక రాజ్యపాలకురాలిని గుర్తుపెట్టుకోవడానికి జనానికి దొరికిన చోటు మాతృత్వమొక్కటే. మన జానపద గాథల్లోనూ రాణులకు ఇదే గతి: మొక్కుబడి తల్లిగానో సతిగానో తప్ప వాళ్లు బతకరు.

ఇక బీజాపూరు వియ్యం. దక్కను సుల్తానుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం పాత మాటే. 1565లో విజయనగరం మీద జరిగిన కూటమి యుద్ధానికి ముందు అహమ్మదునగరు ఆడపిల్లలిద్దరు, చాంద్ బీబీ బీజాపూరుకూ, జమాలీ బీబీ గోలకొండకూ కోడళ్లయ్యారు. తళ్లికోట అని మనం ఏకరువు పెట్టే యుద్ధంలో ఫిరంగులు పేలకముందే బాజాలు మోగాయన్నమాట. 1587లో మహమ్మద్ కులీ చెల్లెలు బీజాపూరు రెండో ఇబ్రహీం ఆదిల్‌షాకు పట్టమహిషి అయింది. ఆ తర్వాతి తరంలో హయాత్ బక్షీ తన కూతురు ఖదీజా సుల్తానాను 1630ల తొలియేళ్లలో ఇబ్రహీం కొడుకు మహమ్మద్ ఆదిల్‌షాకు ఇచ్చింది. అప్పటికి మొగలులు అహమ్మదునగరును మింగుతున్నారు. మిగిలిన రెండు రాజ్యాలూ ఒకదాని వీపు ఒకటి కాచుకోవలసిన స్థితి.

సాహిత్య విద్యార్థులు ఈ పెళ్లిని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఖదీజా వెంట అరణంగా వెళ్లిన సేవకులలో మలిక్ ఖుష్నూద్ ఒకడు. అతడు బీజాపూరులో పెద్ద కవిగా ఎదిగాడు. ఖదీజా కోరిక మీదనే రుస్తమీ 1649లో పారసీ "ఖావర్‌నామా"ను దక్కనీలోకి తెచ్చాడు. దక్కనీలోని సుదీర్ఘ వీరకావ్యాలలో అదొకటి. ఒక ఆస్థానం నుంచి మరో ఆస్థానానికి భాష, ఛందస్సు, కథలు ఎలా ప్రయాణిస్తాయని మనం అడుగుతుంటాం. కవుల ప్రతిభ, పోషకుల ఔదార్యం అని జవాబు చెప్పుకుంటాం. పెళ్లికూతురి పల్లకీ వెనక నడిచిన బానిస కూడా ఒక జవాబే. ఇక కొడుకు ఆస్థానంలో వజహీ 1635లో "సబ్‌రస్" అనే వచన గ్రంథం రాశాడు, గవ్వాసీ "తూతీనామా" చెప్పాడు. మన క్షేత్రయ్య గోలకొండ పాదుషా దగ్గర పదిహేనువందల పదాలు చెప్పినట్టు తన మేరువ పదంలో పేర్కొన్నాడు. ఆ పాదుషా అబ్దుల్లాయేనని మన సాహిత్య చరిత్రకారులు సాధారణంగా భావిస్తారు.

ఇదే శతాబ్దంలో తంజావూరులో రామభద్రాంబ సంస్కృతంలో చరిత్రకావ్యం రాసింది, పసుపులేటి రంగాజమ్మ తెలుగులో యక్షగానమూ ప్రబంధమూ రాసింది. వాళ్లకు కలం ఉంది, రాజ్యం లేదు. హయాత్ బక్షీకి రాజ్యముంది. ఆమె రాతలు కట్టడాలే, చెరువులే, పేటలే. హయత్‌నగరును ఆమె ఎక్కడ పెట్టిందో చూడండి. హైదరాబాదు నుంచి మచిలీబందరుకు పోయే బాట మీద, మొదటి మజిలీలో. ఆ బాట వెంటే బట్టలు, వజ్రాలు, ఉక్కు రేవుకు దిగేవి. వెండి, గుర్రాలు, ఇరానీ ఉద్యోగార్థులు పైకి వచ్చేవారు. ధర్మసత్రమన్నా అది వర్తక మార్గానికి వేసిన మేకు.

ఇప్పుడు ఈ వైభవానికి డబ్బెక్కడిదన్న ప్రశ్న వేయక తప్పదు. 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఆంగ్ల వర్తకుల తరఫున పనిచేసిన విలియం మెథ్‌వోల్డ్ ఆనాటి శిస్తు పద్ధతిని వర్ణించాడు. రాష్ట్రాల అధికారాన్ని ఏటేటా గుత్తకిచ్చేవాళ్లు. ఎక్కువ పాడినవాడికి పదవి. వాడు తన కింద చిన్న గుత్తదారులను పెట్టుకునేవాడు. వాళ్ల కింద గ్రామం, అట్టడుగున రైతు. బకాయిపడ్డ అధికారిని బెత్తాలతో కొట్టించి చంపిన సంగతి కూడా మెథ్‌వోల్డ్ రాశాడు. అధికారికే అది గతి అయితే రైతును ఏం చేసి ఉంటారో వేరే చెప్పాలా? కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో ఆడా మగా పిల్లలతో కలిపి దాదాపు 60,000 మంది పనిచేస్తుండగా చూశానని టావెర్నియే రాశాడు. అంతఃపురంలో ఒక పెళ్లి కుదిరితే దాని బరువు చివరికి ఈ భుజాల మీద పడేది.

1636లో ఆ బరువుకు అంకె వచ్చింది. షాజహాను ఒత్తిడికి లొంగి అబ్దుల్లా విధేయతా పత్రం రాసిచ్చాడు. ఖుత్బాలో ఇరాన్ షా పేరు తీసేసి మొగలు చక్రవర్తి పేరు చదవాలి, ఏటా రెండు లక్షల హొన్నులు కప్పం కట్టాలి. తల్లి సలహా లేకుండా ఇది జరిగి ఉండదు. బతికి బట్టకట్టాలంటే ఆ సమయంలో మరో దారి లేదు కూడా. ఆ తర్వాత ఇరవై ఏళ్లు మొగలులు ఉత్తరాన గోలకొండ జోలికి రాలేదు. గోలకొండ సేనలు దక్షిణాన కర్ణాటకంలోకి, కడప గండికోట వైపు విస్తరించాయి. కప్పంలో మెలిక మాత్రం ఉండనే ఉంది. హొన్ను నాలుగు రూపాయల చొప్పున లెక్కకట్టి ఏడాదికి ఎనిమిది లక్షల రూపాయలు చెల్లిస్తూ వచ్చారు. హొన్ను విలువ పెరిగి 1654 నాటికి అయిదు రూపాయలైంది. గడచిన ఏళ్లన్నిటికీ తేడా కట్టమని దక్కను సుబేదారు ఔరంగజేబు ఇరవై లక్షలు అడిగాడు. వడ్డీవ్యాపారి కాగితాలు తిరగేసినట్టుగా ఉంటుంది ఈ వ్యవహారం.

అసలు నిప్పు రాజుకున్నది మీర్ జుమ్లా వల్ల. ఇరాన్‌లోని అర్దిస్తాన్ నుంచి వచ్చి, వజ్రాల వ్యాపారంలో గడించి, గోలకొండ మంత్రి అయి, కర్ణాటకాన్ని గెలిచి అక్కడ ఏటా 40 లక్షల రూపాయల ఆదాయం గల సొంత రాజ్యం లాంటిది ఏర్పరచుకున్నాడతను. సేవకుడు ప్రభువంతవాడయ్యేసరికి ప్రభువుకు గుండెదడ మొదలైంది. ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే ఈ తగాదాకు చెప్పిన కారణం వినదగ్గది. మీర్ జుమ్లాకూ రాజమాతకూ అక్రమ సంబంధముందనీ, ఆమె ఇంకా అందగత్తె అనీ, అది తెలిసి అబ్దుల్లా మండిపడ్డాడనీ రాశాడు. 1607లో పెళ్లయిన స్త్రీకి 1655 నాటికి అరవై దరిదాపుల వయసుంటుంది. వయసు మాట అలా ఉంచండి. ఎదురుగా నలభై లక్షల ఆదాయం మీద తగాదా కనిపిస్తుంటే దాన్ని అంతఃపురం పరుపు కిందికి నెట్టడం ఎంత పాత అలవాటో! తల్లిని భాగమతి అని ఆటకత్తెను చేసిన చూపూ, కూతుర్ని జారిణిని చేసిన చూపూ ఒకటే. మన చారిత్రక నవలాకారులు బెర్నియేను తప్పు పట్టేముందు తమ అధ్యాయాలు ఒకసారి చదువుకోవడం మంచిది.

1655 నవంబరులో అబ్దుల్లా మీర్ జుమ్లా కొడుకు మహమ్మద్ అమీన్‌ను ఖైదు చేశాడు. మీర్ జుమ్లా మొగలు కొలువుకు మారిపోయాడు. సాకు దొరికింది. 1656 జనవరిలో ఔరంగజేబు పెద్దకొడుకు మహమ్మద్ సుల్తాన్ సేనతో హైదరాబాదు మీద పడ్డాడు. అబ్దుల్లా రాత్రికి రాత్రి గోలకొండ కోటలోకి పారిపోయాడు. నగరం దోపిడీకి గురైంది. ఫిబ్రవరిలో ఔరంగజేబు వచ్చి ముట్టడి బిగించాడు. గోలకొండను కలిపేసుకోవాలన్నదే అతని పట్టుదల.

అప్పుడు ముసలి రాజమాత అభయం తీసుకుని శత్రు శిబిరానికి వెళ్లింది. కొడుకు ప్రాణం, రాజ్యం దక్కించమని ఔరంగజేబును అడిగింది. కుదిరిన షరతులు: బకాయిలూ పరిహారమూ కలిపి కోటి రూపాయలు, అబ్దుల్లా కూతురిని మహమ్మద్ సుల్తాన్‌కిచ్చి పెళ్లి చేయడం. రామగిరి ప్రాంతాన్ని కూడా వదులుకోవలసి వచ్చింది. ఢిల్లీలో గోలకొండ వకీలు దారా షికో ద్వారా షాజహానుకు మొరపెట్టుకోవడంతో ముట్టడి ఎత్తేయమని చక్రవర్తి ఆజ్ఞ వచ్చింది. మార్చి 30న ముట్టడి ఎత్తారు. ఏప్రిల్‌లో పెళ్లి జరిగింది, వరుడు స్వయంగా రాలేదు, బదులు మనుషులు వచ్చారు. తర్వాత పెళ్లికూతురిని శిబిరానికి పంపారు.

ఈ ఘట్టాన్ని తల్లి త్యాగంగా రాయడం సులువు. నా మటుకు ఇందులో కనిపించేది ఆమె జీవితమంతా నేర్చిన విద్య. ఆమెనే ఒకనాడు రాజ్యాన్ని ఇంట్లో ఉంచడానికి పెళ్లి చేశారు. ఆమె కూతురిని పొరుగు రాజ్యాన్ని కట్టిపడేయడానికి ఇచ్చింది. మనవరాలిని శత్రువును ఆపడానికి ఇచ్చింది. మూడు తరాలలో పెళ్లి అర్థం మారిపోయింది: మొదటిది ఆస్తి కాపాడుకోవడం, రెండోది పొత్తు, మూడోది జరిమానా. దీనికి ఆమెను నిందించడం ఎంత అన్యాయమో, మనవరాలిని మరచిపోవడమూ అంతే అన్యాయం. శిబిరానికి పంపిన ఆ పిల్లను మొగలు చరిత్రలు ఎక్కువగా కుతుబ్‌ఉల్‌ముల్క్ కూతురుగానే పేర్కొంటాయి. భర్త 1659లో తండ్రిని వదిలి పినతండ్రి షుజా పక్షం చేరి షుజా కూతురినీ పెళ్లాడాడు. తిరిగి వచ్చినందుకు గ్వాలియరు ఖైదు దక్కింది. 1676లో చనిపోయాడు. ఔరంగజేబు పెద్దకొడుకు అల్లుడై గోలకొండకు అండగా ఉంటాడనుకున్న ఆశ అక్కడ ముగిసింది.

అదే కాలంలో బీజాపూరులో ఖదీజా సుల్తానాకు తల్లి అనుభవమే ఎదురైంది. 1656 నవంబరులో భర్త చనిపోయాడు. పద్దెనిమిదేళ్ల రెండో అలీ ఆదిల్‌షాను గద్దెనెక్కించడంలో ఆమె ముఖ్యపాత్ర వహించింది. "బడీ సాహిబా"గా అధికారం నడిపింది. అలీ అసలు సుల్తాను కొడుకే కాడన్న నెపంతో ఔరంగజేబు 1657లో దండెత్తాడు. వారసత్వం రక్తం మీద నిలబడ్డ చోట రక్తాన్ని శంకించడమే మొదటి ఫిరంగి దెబ్బ. 1659లో శివాజీ మీదికి అఫ్జల్ ఖాన్‌ను పంపిన రోజుల్లో బీజాపూరు పగ్గాలు ఆమె చేతుల్లోనే ఉన్నాయి. తర్వాత ఆమె మక్కా యాత్రకు వెళ్లింది.

అబ్దుల్లాకూ కొడుకులు లేరు, ముగ్గురు కూతుళ్లు. ఒకరిని మొగలుకిచ్చాక మిగిలిన ఇద్దరి పెళ్లిళ్లే రాజ్యం. ఒకామెకు హిజాజ్ నుంచి వచ్చిన సయ్యద్ నిజాముద్దీన్ అహ్మద్ భర్త. అతని మొదటి సంసారపు కొడుకు ఇబ్న్ మాసూం యువకుడిగా గోలకొండకు వచ్చి, తన కాలపు అరబ్బీ కవుల సంకలనం ఒకటి ఇక్కడే కూర్చాడు. ఆ పుస్తకం అరబ్బీ సాహిత్య విద్యార్థులకు నేటికీ ఆధారగ్రంథం. ఇంకొకామెకు, ముందు అనుకున్న సంబంధం చెడి, షా రాజూ అనే సూఫీ గురువు శిష్యుడైన అబుల్ హసన్‌ను తెచ్చారు. 1672లో అబ్దుల్లా పోయేసరికి ఇద్దరల్లుళ్ల మధ్య పోటీ. సర్దారులు చిన్నల్లుడి పక్షం వహించారు. నిజాముద్దీన్ ఖైదు పాలయ్యాడు. ఆ చిన్నల్లుడే మన తానీషా. మాదన్న రంగం మీదికి వచ్చింది ఈ అల్లుళ్ల తగాదా తెరిచిన తలుపులోనుంచే.

హయాత్ బక్షీ ఇదంతా చూడలేదు. అయిదేళ్ల ముందే 1667లో కన్నుమూసింది. కుతుబ్‌షాహీ సమాధుల తోటలో ఆమె సమాధి సుల్తానుల సమాధుల సరసన, వాటికి తీసిపోని గుమ్మటంతో ఉంది. పక్కనున్న మసీదు ఆ ఆవరణలో అన్నిటికంటే పెద్దది. బీజాపూరు పిల్ల షహర్‌బానును కూడా 1679లో మొగలు దర్బారుకు పంపారు. ఔరంగజేబు ఇంకో కొడుకు ఆజంకు భార్య అయింది. అయినా 1686లో బీజాపూరు పడిపోయింది, 1687లో గోలకొండ పడిపోయింది. ఆ తోటలో అబుల్ హసన్ సమాధి లేదు. ఆయన్ని దౌలతాబాదు కోటలో ఖైదు చేశారు. అక్కడే చనిపోయాడు.